"మళ్లీ మొలుస్తుందిలే బ్రో": ఆక్సలాటల్ కాటు వెనకున్న 160 ఏళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడదాం.

రెండు నెలల క్రితం ఒక తమ్ముడు నాకు ఒక ఫొటో పంపాడు. ఇంజనీరింగ్ సెకండియర్. మూడడుగుల గాజు ట్యాంకు, అందులో రెండు ఆక్సలాటల్స్. ఒకటి లేత గులాబీ రంగులో బాగా బలిసి ఉంది. రెండోది నల్లది, చిన్నది. దాని ముందు కుడి కాలు మోచేతి దగ్గర నుంచి లేదు. కింద ఇలా రాశాడు: "అన్నా, రాత్రి బానే ఉంది. పొద్దున లేచి చూస్తే కాలు లేదు. షాపాయన్ని అడిగితే 'ఏం టెన్షన్ పడకు బ్రో, మళ్లీ మొలుస్తుందిలే, దానికి అది మామూలే' అన్నాడు. నిజమేనా?"

నేను రిప్లై టైప్ చేయడం మొదలుపెట్టి ఆపేశాను. ఎందుకంటే ఆ షాపాయన చెప్పింది అబద్ధం కాదు. కానీ పూర్తి నిజం కూడా కాదు. ఈ "మళ్లీ మొలుస్తుందిలే" అనే మాట ఎక్కడ పుట్టింది, అది ఎంతవరకు నిజం అని తవ్వుకుంటూ పోతే నేను మెక్సికోలో ఒక చెరువు దగ్గర తేలాను. అక్కడి నుంచి ప్యారిస్, ప్యారిస్ నుంచి అమెరికా. ఆ దారినే ఇప్పుడు మీకూ చూపిస్తాను.

ముందు ఇది ఏంటి?

చాలామంది దీన్ని చేప అనుకుంటారు. "వాకింగ్ ఫిష్" అని కూడా అమ్ముతారు. చేప కాదు, ఇది సాలమాండర్. అంటే కప్పకు దూరపు చుట్టం. కప్ప పిల్లగా ఉన్నప్పుడు తోకతో, మొప్పలతో నీళ్లలో ఉంటుంది కదా, తర్వాత కాళ్లొచ్చి గట్టెక్కుతుంది. ఆక్సలాటల్ మాత్రం గట్టెక్కదు. తల పక్కన ఈకల్లాంటి మొప్పలు అలాగే ఉంచుకుని, పిల్ల రూపంలోనే పెద్దదై, గుడ్లు కూడా అలాగే పెడుతుంది.

దీని సొంతూరు మెక్సికో సిటీ. ఇప్పుడు మనం చూసే ఆ మహానగరం కింద ఒకప్పుడు చెరువుల గొలుసు ఉండేది. అజ్‌టెక్‌ల రాజధాని తెనోచ్‌తిత్‌లాన్ ఆ నీళ్ల మధ్యలోనే కట్టారు. స్పానిష్ వాళ్లు వచ్చాక వందల ఏళ్ల పాటు ఆ నీటిని తోడేశారు. దక్షిణాన సోచిమిల్కో అనే చోట కొన్ని కాలువలు మిగిలాయి. ఆక్సలాటల్ అడవిలో బతికేది ఇప్పుడు ప్రధానంగా అక్కడే.

పేరు అక్కడి నావాత్ల్ భాషది. "ఆత్ల్" అంటే నీళ్లు. "షోలోట్ల్" అనేది ఒక దేవుడి పేరు. ఆ కథేంటంటే, సూర్యుడు కదలాలంటే దేవుళ్లందరూ ప్రాణాలివ్వాలి అన్నారట. షోలోట్ల్ భయపడి పారిపోయాడు. మొక్కజొన్న మొక్కగా మారాడు, దొరికిపోయాడు. కలబందలాంటి మాగే మొక్కగా మారాడు, మళ్లీ దొరికాడు. చివరికి నీళ్లలో దూకి ఆక్సలాటల్ అయ్యాడు. అక్కడ కూడా పట్టుకుని చంపేశారు. అంటే చావు తప్పించుకోవడానికి రూపాలు మార్చిన దేవుడి పేరు దీనికి పెట్టారు. కానీ ఆ కథలో కూడా అది తప్పించుకోలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇంకొక లెక్క చెప్తాను. 1998లో సోచిమిల్కో కాలువల్లో లెక్కపెట్టినప్పుడు చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఆక్సలాటల్స్ తేలాయి. వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది కదా? భాగించి చూడండి. ఒక్కోదానికి దాదాపు 167 చదరపు మీటర్లు వస్తుంది. మన భాషలో 200 గజాలు! హైదరాబాద్‌లో ఇండిపెండెంట్ హౌస్ కట్టుకునే ప్లాటు. ఒక్కో ఆక్సలాటల్‌కు సగటున అంత నీటి జాగా ఉండేది.

ఇప్పుడు మన తమ్ముడి ట్యాంకు చూడండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. నాలుగున్నర చదరపు అడుగులు, అంటే అర గజం. అందులో రెండు.

ప్యారిస్‌కు వెళ్లిన 34

మరి ఆ కాలువలోది గాజు ట్యాంకులోకి ఎలా వచ్చింది?

యూరప్ శాస్త్రవేత్తలకు ఇది 18వ శతాబ్దం చివర్లోనే తెలుసు. 1798లో ఇంగ్లాండ్‌లో జార్జ్ షా దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాత అలెగ్జాండర్ హంబోల్ట్ మెక్సికో నుంచి తెచ్చిన నమూనాలను ప్యారిస్‌లో జార్జ్ కువియే పరిశీలించాడు. కానీ అవన్నీ చచ్చినవి, సీసాల్లో నిల్వ పెట్టినవి. ఇది పెద్ద జంతువా, ఇంకేదో జంతువుకు పిల్లా అన్నది ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

1860లలో మూడో నెపోలియన్ మెక్సికో మీదికి సైన్యాన్ని పంపాడు. సైన్యం వెనకాలే శాస్త్రవేత్తలూ వెళ్లారు. అలా 34 ప్రాణంతో ఉన్న ఆక్సలాటల్స్ ఓడెక్కి ప్యారిస్ చేరాయి. 1864లో వాటిలో ఆరింటిని ఆగస్ట్ డ్యూమెరిల్ అనే ప్రొఫెసర్‌కు ఇచ్చారు. ఆయన అక్కడి ప్రకృతి చరిత్ర మ్యూజియంలో పాములు, కప్పలు, చేపల విభాగం చూసేవాడు. ఆరింటిలో ఐదు మగవి, ఒకటి ఆడది.

1865 మొదట్లో అవి గుడ్లు పెట్టాయి. పిల్లలు పెరిగాయి. అప్పుడు డ్యూమెరిల్‌కు షాక్. కొన్ని పిల్లలు మొప్పలు పోగొట్టుకుని, చర్మం మారి, నేల మీద తిరిగే సాలమాండర్లుగా తయారయ్యాయి! తల్లిదండ్రులేమో నీళ్లలోనే ఉన్నాయి. ఒకే కుటుంబంలో రెండు రూపాలు. అప్పట్లో ఇది మామూలు వార్త కాదు. యూరప్ అంతా కావాలంది, ఆయన అడిగినవాళ్లకు అడిగినట్టు పంచాడు. ప్రయోగశాలలకు, అక్వేరియంలకు, సరదాగా పెంచుకునేవాళ్లకు అన్నిచోట్లకూ వెళ్లాయి.

ఈ రోజు ప్రపంచంలో ల్యాబుల్లో, ఇళ్లలో ఉన్న ఆక్సలాటల్స్‌లో చాలావాటి వంశం ఆ ప్యారిస్ బ్యాచ్ దాకా వెళ్తుంది. తర్వాత మధ్యమధ్యలో వేరే రక్తం కూడా కలిసింది. ఉదాహరణకి ఎర్ర కళ్ల ఆల్బినో రకం 1960లలో అమెరికాలో ఒక టైగర్ సాలమాండర్‌తో కలపడం వల్ల వచ్చింది. కానీ అసలు మార్పు రంగులో రాలేదు, జాగాలో వచ్చింది. 200 గజాల్లో ఒంటరిగా తిరిగే వేటగాడు, ఒకే తొట్టిలో గుంపుగా పెరిగే పెంపుడు జంతువు అయిపోయాడు.

కత్తెర కాలం

ఇప్పుడు "మొలుస్తుంది" అనే మాట దగ్గరికి వద్దాం.

సాలమాండర్ కాలు మళ్లీ మొలుస్తుందని మొదట గట్టిగా చూపించినవాడు ఇటలీకి చెందిన లాజారో స్పల్లాంజాని. 1768లో ప్రచురించాడు. తోకలు కోశాడు, కాళ్లు కోశాడు, మళ్లీ వచ్చాయి. 1823లో ట్వీడీ జాన్ టాడ్ అనే డాక్టర్ ఇంకో విషయం కనిపెట్టాడు. కాలికి వెళ్లే నరాన్ని కూడా తెంపేస్తే కాలు సరిగా మొలవదు. అంటే మొలవడానికి కూడా షరతులున్నాయి.

డ్యూమెరిల్ కూడా ఊరుకోలేదు. మొప్పలు తీసేస్తే నేల మీదికి వస్తుందేమో చూద్దామని ఆక్సలాటల్ మొప్పలు కత్తిరించాడు. అవి నీళ్లలోనే హాయిగా బతికాయని 1867లో రాశాడు. అక్కడి నుంచి వందేళ్లకు పైగా వేల ప్రయోగాలు. కాలు, తోక, వెన్నుపాము, గుండెలో కొంత భాగం, మెదడులో కొంత భాగం. అన్నీ మళ్లీ పెరుగుతాయని తేలింది. 2018లో దీని జీనోమ్ మొత్తం చదివారు. 32 బిలియన్ల అక్షరాలు, మనిషి జీనోమ్‌కు పది రెట్లు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ ప్రయోగాలన్నిట్లో ఉన్న కామన్ పాయింట్ ఏంటి? పదునైన బ్లేడుతో, ఎంచుకున్న చోట, ఒక్క వేటుకు నేరుగా కోసిన గాయం. తర్వాత శుభ్రమైన నీళ్లు, చల్లటి గది, వేరే గిన్నె. "మొలుస్తుంది" అనే పేరు ఆ కత్తెర గాయాలకు వచ్చింది. షాపుల్లో ఆ పేరును తీసుకొచ్చి పంటి గాయాలకు అంటించేశారు.

కాటును లెక్కపెట్టినవాళ్లు

అమెరికాలో రూఫస్ హంఫ్రీ అనే ప్రొఫెసర్ 1930లలో బఫెలోలో ఒక ఆక్సలాటల్ కాలనీ మొదలుపెట్టాడు. 1957లో ఇండియానా యూనివర్సిటీకి మారినప్పుడు దాన్ని కూడా వెంట తీసుకెళ్లాడు. 2005లో ఆ కాలనీ కెంటకీ యూనివర్సిటీకి చేరింది. పరిశోధకులకు పిండాలు, పిల్లలు పంపేది ఇక్కడి నుంచే.

2014లో ఆ కెంటకీ వాళ్లు ఒక సింపుల్ పని చేశారు. తమ దగ్గరున్న వాటి కాళ్లు చూసి లెక్కపెట్టారు. గుంపులో పెరిగిన పిల్లల్ని విడివిడి గిన్నెల్లోకి మార్చే సమయానికి 80 శాతం పిల్లల మీద కాటు గుర్తులున్నాయి. ఎనభై శాతం! 717 పెద్దవాటిని చూస్తే దాదాపు సగం వాటికి కాళ్లలో ఏదో ఒక తేడా. వేలు తక్కువ, వేలు ఎక్కువ, రెండు వేళ్లు అతుక్కుపోవడం, ఉండకూడని చోట వేలు.

పుట్టుకతో వచ్చిన లోపమేమో అని కూడా చెక్ చేశారు. ఆ వంకర కాళ్లను పైనుంచి శుభ్రంగా కోస్తే, ఈసారి సరైన కాలు వచ్చింది. అంటే శరీరంలో ఉన్న ప్లాన్ కరెక్టే, కాటు పడిన గాయం దగ్గరే పని తప్పుతోంది. వాళ్ల అంచనా ప్రకారం, కాటు తిన్న పిల్లల్లో నాలుగు కాళ్లూ మామూలుగా కనిపించేలా పెద్దయ్యేవి 43 శాతమే.

ఇదీ అసలు సంగతి. ప్రపంచంలోనే బాగా చూసుకునే కాలనీలో, నిపుణుల చేతుల్లో, సగం కంటే తక్కువ. మన ఇంట్లో మే నెల ఎండలో ఇంకెలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఎందుకు తేడా?

కాలు తెగిన వెంటనే చర్మం గాయం మీదికి పాకి మూత వేస్తుంది. దాని కింద కణాలు ఒక చిన్న మొగ్గలాగా చేరతాయి. ఆ మొగ్గకు నరాల నుంచి సంకేతాలు అందాలి. చుట్టూ ఉన్న కణాలు "ఇది పైవైపు, ఇది కిందివైపు, ఇది బొటనవేలి వైపు" అని ఒకదానికొకటి దారి చెప్పుకోవాలి. నేరుగా తెగితే ఈ దిక్కులన్నీ వరసలో ఉంటాయి.

కాటు అలా ఉండదు. సగం తెగుతుంది, సగం నలుగుతుంది, చర్మం ఒక పక్కకు లాగేస్తుంది. 2004లో కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగం గుర్తొస్తుంది. కాలి పక్కన చిన్న గాయం చేసి, అక్కడికి ఒక నరాన్ని మళ్లించి, కాలికి అవతలి వైపు చర్మం ముక్క అతికించారు. అక్కడ ఏకంగా అదనపు కాలు మొలిచింది! దిక్కులు కలగాపులగమైతే శరీరం లేనిపోనివి కడుతుందన్నమాట. కోడ్ కరెక్ట్‌గానే ఉంటుంది, ఇన్‌పుట్ తప్పు.

ఇంకోటి. 2013లో ఆస్ట్రేలియాలో మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు ఆక్సలాటల్ ఒంట్లో మ్యాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలను ముందుగానే తీసేసి కాలు కోశారు. కాలు మొలవలేదు, మచ్చ కట్టింది. మొలవడం మ్యాజిక్ కాదు, ఆరోగ్యంగా ఉన్న ఒళ్లు చేసే కష్టం.

మరి అసలు కరుస్తాయెందుకు? కోపంతో కాదు. వాటికి చూపు అంతంతమాత్రం. ముందు ఏదైనా కదిలితే నోరు తెరిచి నీళ్లతో పాటు గుటుక్కున లాగేస్తాయి. అది వానపామా, పక్కదాని వేలా అని ఆలోచించవు. కొన్ని సెంటీమీటర్ల పొడవున్న పిల్ల దశలో ఇది మరీ ఎక్కువ. ఆకలి, ఇరుకు, సైజు తేడా, ఈ మూడూ కలిస్తే కాళ్లు, మొప్పలు పోతాయి.

తమ్ముడికి చెప్పింది ఇదే

మొదటి పని, ఇప్పుడే విడదీయి. "ఇంకోసారి కరిస్తే చూద్దాం" వద్దు. వేరే ట్యాంకు లేకపోతే మూతున్న ప్లాస్టిక్ డబ్బా చాలు. సబ్బు తగలని డబ్బా కావాలి.

రెండు, నీళ్లు. క్లోరిన్ పోగొట్టే కండిషనర్ వేసిన చల్లటి నీళ్లు, రోజూ పూర్తిగా మార్చాలి. డబ్బాలో ఫిల్టర్ ఉండదు కాబట్టి మలంతో వచ్చే అమోనియా గాయాన్ని కాలుస్తుంది. 16 నుంచి 18 డిగ్రీలు దానికి హాయి. 24 దాటితే ఒత్తిడి మొదలు. మన ఊళ్లలో చిల్లర్ లేకుండా ఇది కష్టం. అప్పటికి సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూత పెట్టి తేలేయొచ్చు. ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు, వేడి ఒక్కసారిగా పడిపోతుంది.

మూడు, మనుషుల మందులు వద్దు. డెటాల్, పసుపు, ఆయింట్‌మెంట్ ఏదీ వద్దు. దాని చర్మం పూర్తిగా పీల్చేస్తుంది. "కెంటకీలో కోసి సరిచేశారట కదా" అని ఇంట్లో బ్లేడు పట్టుకోవడం అసలే వద్దు. అది మత్తు ఇచ్చి, తెలిసినవాళ్లు చేసే పని.

నాలుగు, తిండి పెట్టి గమనించు. గాయం మీద దూదిలాంటి తెల్ల పొర వచ్చినా, ఎర్రబడి పైకి పాకుతున్నా, తినడం మానేసినా ఆగొద్దు. కుక్కలు, పిల్లులే కాకుండా ఇలాంటి జంతువులను కూడా చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్లు.

ఐదు, కాలు వచ్చాక మళ్లీ కలపకు. కలిసి ఉండకపోతే దానికి ఒంటరితనం అనిపిస్తుందేమో అన్న బాధ మనది. 200 గజాల లెక్క గుర్తుందిగా.

ఇంకో మాట, ఇది ఇండియాలో ఉన్నవాళ్లకు. ఆక్సలాటల్ అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో రెండో అనుబంధంలో ఉంది. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి ఈ ఒప్పందంలోని జీవులను అందులోకి తెచ్చారు. 2024 నియమాల ప్రకారం పెంచుకునేవాళ్లు ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొనేముందు కాగితాలు అడగండి. షాపులో "అవసరం లేదు బ్రో" అంటే, అక్కడే ఆగిపోండి.

సోచిమిల్కోకు తిరిగొద్దాం

1998లో చదరపు కిలోమీటరుకు 6,000 అని చెప్పాను కదా. 2003కు అది 1,000. 2008కి 100. 2014లో 36. మళ్లీ భాగించండి. ఏడెకరాలకు దాదాపు ఒక్కటి. కారణాలు పెద్ద రహస్యమేమీ కాదు. నగరం మురుగునీరు, తగ్గిపోయిన కాలువలు, పేదలకు తిండి కోసమని వదిలిన కార్ప్, తిలాపియా చేపలు. ఆ చేపలు గుడ్లనూ పిల్లలనూ తినేశాయి.

అదే సమయంలో ఆక్సలాటల్ స్టార్ అయిపోయింది. 2021లో మైన్‌క్రాఫ్ట్‌లోకి వచ్చింది. అదే ఏడాది మెక్సికో 50 పెసోల నోటు మీదికి ఎక్కింది. ఆ గేమ్‌లో అది దెబ్బ తగిలితే చచ్చినట్టు నటించి, ప్రాణం నింపుకుని లేస్తుంది. పిల్లలు దాన్ని చూసే అడుగుతున్నారు: "నాన్నా, నాకూ ఒకటి కొను, దానికి ఏమీ కాదంట."

నాకు భయం వేసేది ఆ "ఏమీ కాదంట" దగ్గరే. 160 ఏళ్లు మనం దాన్ని కోసి, మళ్లీ మొలిచిందని చప్పట్లు కొట్టాం. అలా కొడుతూ కొడుతూ, దానికి నొప్పి, ఇరుకు, ఖర్చు లేవన్నట్టు ఒక నమ్మకం తయారైంది. షోలోట్ల్ కథ చెప్పిన అజ్‌టెక్‌లు ఆ భ్రమలో లేరు. వాళ్ల కథలో దేవుడు ఆక్సలాటల్ అయినా దొరికిపోయాడు.

తమ్ముడి అప్‌డేట్ చెప్పి ముగిస్తాను. ఆ రోజే విడదీశాడు. రోజూ నీళ్లు మార్చాడు, సెమిస్టర్ పరీక్షలప్పుడు ఆ పని వాళ్లమ్మ చేసింది. పది రోజులకు చిన్న మొగ్గ వచ్చింది. మొన్న ఫొటో పంపాడు. కాలు వచ్చింది, నడుస్తోంది కూడా. జూమ్ చేసి చూశాను. ముందు కాలికి నాలుగు వేళ్లుండాలి. మూడే ఉన్నాయి.

"అన్నా, షాపాయనకి పంపనా ఈ ఫొటో?" అని అడిగాడు.

పంపు తమ్ముడు, తప్పకుండా పంపు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.